లోతు గడిలో సున్న

ఈ మధ్య ఎక్కడ నేల కాస్త కదిలినా పావుగంట తిరగకముందే నా ఫోన్ మోగుతోంది. మా వీధిలో చదువుకునే పిల్లలు ఒక పటం పంపిస్తారు. మధ్యలో ఎర్ర చుక్క, దాని పక్కన ఒక ఊరి పేరు, కింద "లోతు 10 కి.మీ." అని. "అంకుల్, భూకంపం ఇక్కడే పుట్టిందంట" అని ఒక మాట కూడా. ముప్పై ఏళ్ళు ఆ చుక్కలు పెట్టే పనిలో ఉన్నవాణ్ణి కదా, నేను సంతోషిస్తానని వాళ్ళ ఆశ. పిల్లలకు ఊరి పేరు కనబడుతుంది. నాకు ఆ పది కనబడుతుంది. నిజంగా కొలిచి వేసిన పదా, ఏమీ తెలియక వేసిన పదా అని వెంటనే అనుమానం వస్తుంది. ఈ అనుమానం నాకు పుట్టుకతో రాలేదు. రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఒక శనివారం మధ్యాహ్నం నేను చేసిన వెధవపనితో వచ్చింది. పిల్లలూ, మీ పటాలకు బదులుగా ఆ కథ చెబుతాను.

మాది ముదిగొండ దగ్గర పల్లె. మా తాతగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు, మా నాన్న మిరప వేశారు, నేను భూమి కదలికలు రాసుకునే ఉద్యోగంలో చేరాను. "నేల కదిలితే చెప్పే ఉద్యోగమా? మరి కదలని నెల జీతం ఇస్తారా?" అని నాన్న చాలా అమాయకంగా అడిగారు. ఇస్తారు అన్నాను. "అయితే మంచి ఉద్యోగమే" అన్నారు.

మా కేంద్రం ఖమ్మం దాటి భద్రాచలం పోయే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, ఒక బండగుట్ట మీద ఉండేది. రెండు గదులు, ఒక వరండా, బండలోకి తొలిచిన గుంటలో ఒక యంత్రం. ఆ యంత్రం నేల వణుకును పగలూ రాత్రీ గీతగా గీస్తుంది. ఆ గీతను కంప్యూటర్ తెర మీద చూసి, వచ్చిన ప్రతి కదలికనూ రిజిస్టరులో ఎక్కించి హైదరాబాద్ ఆఫీసుకు పంపడం నా పని.

భూకంపం నేల మీద పుట్టదు. కిందెక్కడో రాయి ఏళ్ళ తరబడి ఒత్తిడి భరించి భరించి, ఒకనాడు ఇక నావల్ల కాదని పక్కకు జరుగుతుంది. ఆ జరిగిన చోటు నాభి. దానికి నిట్టనిలువుగా పైన, నేల మీద పడే చోటు అధికేంద్రం. పేపర్లో వచ్చే ఊరి పేరు ఈ రెండోదానిది. పాపం ఆ ఊరికి ఏ సంబంధమూ ఉండదు, పైన ఉండటం తప్ప. భూకంపానికి చిరునామా రాయాలంటే నాలుగు గడులు నింపాలి: ఎప్పుడు, ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, ఎంత లోతు. మొదటి మూడూ కాస్త శ్రమపడితే దొరుకుతాయి. నాలుగోది మొండిది. నాభికి బాగా దగ్గరలో యంత్రం ఉంటే తప్ప చిక్కదు.

మా గుట్టకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక బొగ్గు గని ఉంది. పైనుంచి తవ్వుకుంటూ పోయే గని. అక్కడివాళ్ళు దాన్ని బాయి అంటారు. రోజూ మధ్యాహ్నం రెండూ రెండున్నర మధ్య అక్కడ రాతిని పేల్చేవారు. మా గీతలో అది ఠంచనుగా కనబడేది. రెండు చోట్ల పేల్చే రోజు మధ్యలో అర నిమిషం పైచిలుకు ఆగడం వాళ్ళ అలవాటు. బాయి ఆఫీసు నుంచి ఒక గుమాస్తా ఫోన్ చేసి "ఇయ్యాల ఒకటి సార్" అనో, "ఇయ్యాల రెండు" అనో చెప్పేవాడు. "అందాయి" అనేవాణ్ణి. పదేళ్ళు మా మధ్య నడిచిన సంభాషణ అంతే. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

పేలుడు రాసేటప్పుడు లోతు గడిలో సున్న వేస్తాం. పేలుడు పైనే కదా జరిగేది. పేలుడు, లోతు సున్న అని నేను రాస్తే హైదరాబాద్‌లో దాన్ని ఇక తెరిచి చూడరు. చెత్తబుట్టలోకి పోతుంది. అంటే ఆ సున్నకు ఉన్న అధికారం చిన్నది కాదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా పదేళ్ళు వేసి వేసి, నా వేళ్ళు నన్ను అడక్కుండా వేయడం నేర్చుకున్నాయి.

ఆ శనివారం పొద్దున్నుంచి మబ్బు పట్టింది. ఇంటి దగ్గర మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. చినుకు పడితే కాయ నల్లబడుతుంది, ఖమ్మం యార్డులో ఎవరూ ముట్టరు. నాన్నకు డెబ్బై ఎనిమిదేళ్ళు, ఒక్కరే కాయల మీదికి టార్పాలిన్ పట్టాలు లాగలేరు. మూడు గంటల బస్సు పట్టుకోవాలని నా తొందర. తెర మీద చూశాను. రెండు గంటల పది నిమిషాలకు ఒక కదలిక, నలభై సెకండ్ల తర్వాత ఇంకొకటి. అలవాటైన వేళ, అలవాటైన ఎడం. గుమాస్తా ఫోన్ కోసం ఆగకుండా "పేలుళ్ళు రెండు, లోతు 0, 0" అని రాసి, పంపి, తాళం వేసి గుట్ట దిగాను. మెట్ల మీద ఉండగా గదిలో ఫోన్ మోగడం వినబడింది. వాడే, రెండు అంటాడు, అనుకున్నాను. బస్సు దొరికింది. చినుకు మాత్రం పడలేదు.

మంగళవారం పదకొండు గంటలకు ఒక మనిషి చెమటలు కక్కుతూ గుట్ట ఎక్కి వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్లో మడతపెట్టిన జిరాక్స్ కాగితాలు.

"సార్, నేను బాయిల షాట్ ఫైరర్‌ను. బ్లాస్టింగ్ కొట్టేది నేనే. పోలీసులు అడిగితే, శనివారం రెండు కొట్టినమని మీ ఆఫీసు కాగితంల ఉన్నదన్నరట."

"అవును, రెండు."

"నేను కొట్టింది ఒక్కటే సార్."

"రెండోది ఇంకెవరైనా కొట్టారేమో."

"అవ్, గదే అడుగుతున్నరు ఠాణాల. రెండోదానికి మందు యాడికెళ్లి తెచ్చినవురా అని. గోదాంల మందు లెక్క సక్కగున్నది సార్. తీసింది, వాడింది, మిగిలింది, అంతా సక్కగున్నది. సక్కగున్నందుకే పట్టుకున్నరు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అతను కాగితాలు బల్ల మీద పరిచి చూపించాడు. ఒక పేలుడుకు సరిపడా మందు తీసినట్టు ఉంది, అంతే వాడినట్టు ఉంది. మరి రెండో పేలుడు జరిగితే దాని మందు గోదాంలోది కాదు. అడవి అంచున ఉన్న బాయిలో, లెక్కలో లేని పేలుడు మందు ఒక మనిషి చేతికి ఎక్కడినుంచి వచ్చింది? నక్సలైట్లు తిరిగే ఈ ప్రాంతంలో ఆ ప్రశ్న ఒక మనిషి మీద పడితే ఉద్యోగంతో ఆగదు. అతన్ని అప్పటికే సస్పెండ్ చేశారు, రెండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టి పంపారు. పైగా ఆ రెండో కదలికకే బాయికి అవతల ఒక కోయగూడెంలో గోడ కూలి ఒక ముసలాయన కాలు విరిగింది. భద్రాచలం దవాఖానాలో ఉన్నాడు. అదీ ఇతని మీదే పడింది.

"మా నాయన ముప్పై ఏండ్లు బాయిల చేసిండు సార్. ఒక్క నాగా లేదు, ఒక్క మస్టరు పోగొట్టుకోలే. నా ఇంటిముందు పోలీసు జీపు ఆగుడు సూసి మా అమ్మ అన్నం తింటలేదు. మీ మిషన్ తప్పు చెప్తదా సార్?"

"మిషన్ తప్పు చెప్పదు" అన్నాను, కొంచెం గర్వంగానే. తర్వాత చాలాసార్లు ఆ మాట గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను. మిషన్ నిజంగానే తప్పు చెప్పలేదు. "రేపు చూసి చెబుతాను, మీరు వెళ్ళండి."

"సూడుండ్రి సార్. నేను కూసుంట" అని వరండాలో కూర్చున్నాడు.

ఇక చూడక తప్పలేదు. శనివారం నాటి గీత తెరిచి సాగదీశాను. భూమిలో ఏది కదిలినా రెండు రకాల అలలు వస్తాయి. ఒకటి తొందరగా వస్తుంది, రెండోది వెనక నిదానంగా. మధ్యలో ఎన్ని సెకండ్ల ఎడం ఉందో చూసి ఎనిమిదితో గుణిస్తే ఉజ్జాయింపుగా అన్ని కిలోమీటర్ల దూరం. మొదటి కదలికకు ఎడం రెండున్నర సెకండ్లు. అది బాయి. రెండోదానికి మూడు దాటింది. బాయి శనివారం మధ్యాహ్నం నాలుగైదు కిలోమీటర్లు నడిచిపోదు కదా.

ఆ తర్వాత గీత మొట్టమొదట ఎటు కదిలిందో చూశాను. పేలుడు నాలుగు దిక్కులకూ బయటికి తోస్తుంది. కాబట్టి ఎక్కడి యంత్రంలోనైనా గీత మొదట పైకి లేస్తుంది. భూకంపం అలా కాదు, రాయి జారేటప్పుడు కొన్ని దిక్కులకు తోస్తుంది, కొన్ని దిక్కుల నుంచి లాక్కుంటుంది. రెండో గీత మొదట కిందికి దిగింది. అనుమానానికి చోటు లేకుండా, శుభ్రంగా కిందికి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేర్పే సంగతి ఇది. దానిముందు కూర్చుని నేను బస్సు టైము చూసుకున్నాను.

వరండాలోకి వచ్చి, "రెండోది మీది కాదు" అన్నాను.

"గట్లయితే ఎవలది?"

"ఎవరిదీ కాదు. కింది నుంచి వచ్చింది. భూకంపం."

అతను కాసేపు తన చెప్పుల కింది బండను చూశాడు. "మరి పేలుడని ఎవలు రాసిండ్రు సార్?" అన్నాడు. నేను అప్పుడు చెప్పలేదు. "ఆఫీసులో పొరపాటు జరిగింది, సరిచేస్తాను" అన్నాను. ఆఫీసు అంటే నేనొక్కణ్ణే. అతనికి అది తెలుసో లేదో నాకు తెలియదు. దణ్ణం పెట్టి దిగిపోయాడు. ఆ దణ్ణం నాకు గుచ్చుకుంది.

హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. అక్కడి శాస్త్రవేత్త మేడమ్ నాకంటే పదిహేనేళ్ళు చిన్న, పనిలో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. "మీరు పేలుడు అని రాశారు కదా సార్, అందుకే తెరవలేదు" అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, ఉంటే బాగుండేది. గంటలో మిగతా కేంద్రాల గీతలు కూడా చూసి చుక్క పెట్టింది. చుక్క కోయగూడెం పక్కన పడింది. "లోతు పది అని పెడుతున్నాను" అంది.

"పది అని ఎలా తేలింది మేడమ్?"

"తేలలేదు సార్. దగ్గరలో మీ కేంద్రం ఒక్కటే ఉంది. అంత దూరం నుంచి లోతు తేలదు. తేలనప్పుడు పది పెడతాం కదా."

ఆ సంగతి నాకు తెలియక కాదు. అన్నేళ్ళుగా అలాగే నడుస్తోంది. గడి ఖాళీగా ఉంటే లెక్క ముందుకు సాగదు కాబట్టి ఒక అంకె కావాలి. కానీ ఆ రోజు ఒక మనిషి బతుకు ఆ గడిలో ఉంది. సరిచేసిన కాగితం బాయి ఆఫీసుకు పంపితే అక్కడి పెద్దాయన ఫోన్లో నవ్వాడు. "శనివారం సున్న అన్నారు. మంగళవారం పది అంటున్నారు. గురువారం ఎంక్వయిరీ పెడితే ఇరవై అంటారా? మీ అంకెలు మీరే వేసుకుంటారు, మావాడి మీద కేసు ఎలా తీసేయమంటారు?"

మేడమ్ మర్నాడే జీపులో దిగింది, వెంట మూడు చిన్న యంత్రాలు తెచ్చింది. పెద్ద కదలిక తర్వాత అదే చోట చిన్న చిన్నవి వస్తుంటాయి. వాటిని పైనే కూర్చుని పట్టుకుంటే లోతు తేలుతుంది. ఎంక్వయిరీని వారం వాయిదా వేయించింది. అది తేలేదాకా బాయిలో పేలుళ్ళు ఆపారు. ఒక యంత్రం బాయి కంచె దగ్గర, ఒకటి అడవి లోపల ఫారెస్టువాళ్ళ నర్సరీలో, మూడోది గూడెంలో, గోడ కూలిన ఇంటి వాకిట్లో పెట్టాం. ఆ మూడోదానికి కాపలా నేను.

ఆ ఇంటి అవ్వ మగడే దవాఖానాలో ఉన్నాడు. కొడుకు అక్కడ తోడున్నాడు. అవ్వ ఇల్లు విడిచి రానంది. పడమటి గోడ మొత్తం పోయింది, దూలం కింద వాసం ఆనించి ఉంది. ఆమె పొద్దున్నే పోయి ఇప్పపూలు ఏరుకొచ్చి వాకిట్లో ఆరబోసేది. నాతో తెలుగులో, మిగతా గూడెంతో కోయలో మాట్లాడేది. బాయివాళ్ళు గోడ కట్టిస్తారని గూడెంలో అందరూ ఆశపడుతున్నారు. నేను వచ్చింది అది బాయి పని కాదని తేల్చడానికని ఆమెకు తెలుసు. అయినా రోజూ చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టేది.

రెండో రోజు ధైర్యం చేసి అడిగాను. "అవ్వా, ఆ రోజు ఎట్లా అనిపించింది?"

ఆమె చేతిలో చాట ఆపింది. "బాయి మోత రోజూ వస్తది అయ్యా. గది మాకు ఎరికే. మోతొస్తే కోళ్ళన్నీ మెడలెత్తి పడమటి దిక్కు జూస్తయి. ఆ దినం మోతొచ్చింది, అటే జూసినయి. ఎనకనే ఇంకోటొచ్చింది. గప్పుడు మాత్రం ఎటు జూడాల్నో తెల్వక గిరగిర తిరిగినయి. కింద కెల్లి గుద్దింది."

నేను రాసుకుంటుంటే నా పెన్ను ఆగింది. "అవ్వా, ఈ మాట చెబితే బాయివాళ్ళు గోడ కట్టించకపోవచ్చు."

"ఎరికే. రోజూ కొట్టి కొట్టి గోడను వదులు జేసింది బాయి. ఆ దినం పడగొట్టింది కిందిది. రెండూ రాసుకో." మళ్ళీ చాట తిప్పడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు పొద్దున తొమ్మిదిన్నర. బాయి వైపు నుంచి చప్పుడు లేదు, గాలి లేదు. నేను యంత్రం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను, అవ్వ ఎదురుగా పూలు చెరుగుతోంది. పాదాల కింద ఢమ్మని ఒకటి. మోత అనడానికీ లేదు, చెవితో కంటే మోకాళ్ళతో విన్నాను. ఒక సెకండు. అంతలో నేల ఒక్కసారి వణికి ఊరుకుంది. చాటలోని ఇప్పపూలు కాస్త ఎగిరి మళ్ళీ చాటలోనే కూర్చున్నాయి. కోళ్ళు గిరగిరా తిరిగాయి.

ముప్పై ఏళ్ళు నేను చూసింది గీతలు. ఎక్కడెక్కడి భూకంపాలకో చిరునామాలు రాశాను. ఒకదాని గుమ్మం మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఒళ్ళంతా గగుర్పొడిచింది. భయం కాదు. అవ్వ పొయ్యి కింద, ఆమె పూర్వీకులు నడిచిన నేల కింద, బాయి ఇంకా వెయ్యేళ్ళు తవ్వినా చేరలేని చోట, ఎండ ఎన్నడూ తగలని ఒక రాయి ఇప్పుడే కాస్త పక్కకు జరిగింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఇవాళ్టికీ సరిగ్గా చెప్పలేను. అంత పెద్దదాని పక్కన ఇన్నాళ్ళూ కూర్చుని, దాన్ని ఒక పనిలా చూశానే అనిపించింది.

సాయంత్రం మూడు యంత్రాల గీతలూ తెచ్చి అవ్వ వాకిట్లోనే పటం పరిచాం. గూడెంలో ఎడం ఒక సెకండు. అంటే ఎనిమిది కిలోమీటర్లు. నర్సరీలో ఒకటింబావుకు దగ్గర, బాయి కంచె దగ్గర కూడా అంతే. తొమ్మిదిన్నర కిలోమీటర్లు. బాయిలో పుట్టిన కదలికైతే కంచె దగ్గరే ఎడం అన్నిటికంటే తక్కువ ఉండాలి, ఉందా లేదా అన్నంత తక్కువ. గూడెంలోకంటే అక్కడ ఎక్కువుంది. నేను పాత అలవాటుగా వృత్తలేఖిని తీసి, ఒక్కో యంత్రం చుట్టూ అంత దూరంతో మూడు గుండ్రాలు గీశాను. మూడూ ఒకచోట కలవాలి. కలవలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కేసి, మధ్యలో ఇంత జాగా మిగిలిపోయింది. లెక్క తప్పానేమోనని మళ్ళీ గీశాను. మళ్ళీ అంతే.

మేడమ్ నవ్వింది. "కాగితం మీద కలవవు సార్. కాగితం కింద కలుస్తాయి."

ఆ మాటకు నేను పటం మీంచి చెయ్యి తీసేశాను. గూడెం నుంచి ఎనిమిది, ఇటు పోతే తొమ్మిదిన్నర, అటు పోతే తొమ్మిదిన్నర. ఎటు నడిచినా దూరం పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు. అంటే అది ఏ దిక్కునా లేదు. మేం కూర్చున్న చోటికి నిట్టనిలువుగా ఎనిమిది కిలోమీటర్ల కింద ఉంది. కోళ్ళు ఆ సంగతి శనివారమే చెప్పాయి.

ఎంక్వయిరీ బాయి ఆఫీసు హాల్లో జరిగింది. షాట్ ఫైరర్ గోడవారగా నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. మేడమ్ పటం చూపించి అంతా విడమరిచి చెప్పింది. బాయి ఆగి ఉన్నప్పుడు వచ్చిన కదలిక, శనివారం రెండో కదలిక, రెండూ ఒకే చోటివని చూపించింది. ఎంక్వయిరీ చేసే అధికారి చివరికి అడిగాడు. "అంతా బాగుంది. మరి మొదట లోతు సున్న అని వేసిందెవరు?"

మేడమ్ నా వైపు చూడలేదు. ఆమె మంచితనం అది. "ఆఫీసులో పొరపాటు" అనే మాట నా నోట్లోకి వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. లేచి నిలబడ్డాను. "నేనే సార్. చూడకుండా వేశాను. బస్సుకు టైమవుతోందని."

హాల్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మూల నుంచి ఒక సన్నపాటి మనిషి లేచాడు. "సార్, ఆ దినం నేను ఫోన్ జేసిన. శాన సేపు మోగింది. ఇయ్యాల ఒకటే అని చెప్దామని." ఆ గొంతు విన్నాక తెలిసింది, పదేళ్ళుగా నాతో మాట్లాడిన గుమాస్తా. మొదటిసారి ముఖాలు చూసుకున్నాం. మెట్ల మీద విన్న ఆ మోత నాకు మళ్ళీ వినబడింది. తల వంచుకుని "అందింది" అన్నాను, అలవాటుకొద్దీ.

షాట్ ఫైరర్ మీద కేసు తీసేశారు, మస్టరు మళ్ళీ పడింది. నాకు మెమో వచ్చింది. అది న్యాయమే. హాలు బయట అతను నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిడితే పడాలనుకున్నాను.

"ఎంత లోతు అన్నరు సార్?"

"ఎనిమిది కిలోమీటర్లు."

"ఇరవై ఏండ్ల సంది మందు పెట్టి పేల్చి పేల్చి తవ్వుతున్నం. ఇంకా రెండు వందల మీటర్లు దిగలే. గంత లోతుల ఉన్నది వచ్చి నా ఒక్కని పేరు మీద పడ్డది సూడుండ్రి!" అని తనే నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మీరు లేచి చెప్పకుంటే మీ పేరు నాకు తెల్వకనే పోవు" అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

గోడ బాయివాళ్ళు కట్టించలేదు. భూకంపం అని తేలింది కదా. అవ్వ చెప్పిన రెండు మాటల్లో ఒకటే కాగితం మీద మిగిలింది. కానీ తర్వాతి ఆదివారం షాట్ ఫైరర్ తన షిఫ్టు వాళ్ళను ఆరుగురిని వెంటేసుకుని గూడానికి వెళ్ళాడు. నాకు కబురు చేస్తే నేనూ వెళ్ళాను. రోజూ గోడలు అదిరించే చేతులు ఆ రోజంతా మట్టి తొక్కి వరుసలు పేర్చాయి. ఒక్క రోజుతో కాలేదు, మూడు ఆదివారాలు పట్టింది. నాకు మట్టి ముద్దలు అందించే పని ఇచ్చారు. అదీ సరిగా అందించడం లేదని షాట్ ఫైరర్ కసిరాడు.

గోడ లేచిన రోజు అవ్వ కొత్త మట్టి మీద చెయ్యి ఆనించి నన్ను అడిగింది. "మల్ల వస్తదా అయ్యా అది?"

"తెలియదు అవ్వా. ఎవరికీ తెలియదు."

"లోపటున్నదాని సంగతి నీకు తెల్వదంటున్నవు గదా. మరి మొదలు ఆ సున్న ఎందుకు రాసినవు?"

"ఆ గడిలో ఏదో ఒకటి రాయాలి అవ్వా."

"తెల్వదని రాసేతందుకు మీ బుక్కుల జాగ లేదా?"

జవాబు చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది. నా ఉద్యోగంలో ఆఖరి రోజు, మధ్యాహ్నం రెండుంబావుకు ఒక చిన్న కదలిక వచ్చింది. అలవాటైన వేళే. గుమాస్తా ఫోన్ వచ్చేదాకా ఆగాను. "ఇయ్యాల బ్లాస్టింగ్ లేదు సార్" అన్నాడు. గీత సాగదీసి చూశాను, మొదట కిందికే దిగింది. ఎడం కొలిచి రాశాను, దూరం రాశాను, పేలుడు కాదు అని రాశాను. లోతు గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. హైదరాబాద్‌లో పది వేస్తారు, వేయనీ. నా చేతి రిజిస్టరులో మాత్రం "తెలియదు" అని రాసి, కింద సంతకం పెట్టి, తాళం వేసి గుట్ట దిగాను. మూడు గంటల బస్సు అప్పటికే పోయింది.